కాల్స్ వెళ్తున్నాయి

పొద్దున ఆఫీసు తాళం తీసేది యొన్హ్వాయే. కిటికీలు తెరిచి, నీళ్ళు కాగే మిషన్ నొక్కి, కాగితం కప్పుల్లో కాఫీ పొట్లాలు చింపి పోస్తూ ఉంటే, మెట్లు తుడిచే పెద్దాయన గుమ్మంలోంచి తల లోపలికి పెట్టేవాడు.

"ఏమ్మా, మీ వైపు చలి ఎట్లా ఉంది?"

"నిన్నటి కంటే కాస్త న—" అని ఆగిపోయేది యొన్హ్వా. నోరు తెరిచే ఉండేది, అందులో మాట ఉండేది కాదు. పెద్దాయన తుడుపుకర్ర మీద గడ్డం ఆనించి, గేటు పడితే రైలు పోయేదాకా ఆగే మనిషిలా నిలబడేవాడు. కాసేపటికి "—యమేనండీ" అని మిగతా సగం వచ్చేది.

"ఎవరికో టాక్సీ వచ్చినట్టుంది" అనుకుంటూ బకెట్ తీసుకుని పై అంతస్తుకి పోయేవాడాయన.

నిజంగానే వచ్చేది. దేజొన్ ఊళ్ళో ఏదో ఒక మూల, ఎవరో ఒకరి ఫోన్ మోగి, "మీ టాక్సీ వచ్చిందండీ, నెమ్మదిగా కిందికి రండి" అని యొన్హ్వా గొంతు చెప్పేది. గొంతు అక్కడ ఉన్నంతసేపూ ఇక్కడ ఉండదు కదా మరి. ఒక్క మనిషికి ఒక్క గొంతే ఇచ్చాడు దేవుడు.

ఇంతకీ ఆ ఆఫీసులో చేసే పనేమిటంటే, ఎవరెవరో కట్టించుకున్న యాప్‌లకి నోరు పెట్టడం. పళ్ళ డాక్టరు తన క్లినిక్ కోసం ఒక యాప్ చేయించుకుంటాడు. చూడ్డానికి కళకళలాడుతూ ఉంటుంది, అపాయింట్‌మెంట్లన్నీ అందులో ఉంటాయి, కానీ దానికి మనిషిని పిలవడం రాదు. రేపు మీ వంతు అని మెసేజ్ పంపడం, మెసేజ్ చూడని వాళ్ళకి ఫోన్ చెయ్యడం, ఫోన్ తియ్యని వాళ్ళ జేబులో టింగుమనిపించడం, ఇవన్నీ విడిగా తెచ్చి అతికించాలి. ఆ అతికించే పని, స్టేషన్ వెనక వీధిలో గొడుగుల షాపు పైన నాంగుంగ్ సార్ పెట్టుకున్న ఆఫీసుది. "మీ యాప్ మూగదండీ, మేం మాట్లాడిస్తాం" అని, విజిటింగ్ కార్డు జేబులోంచి తియ్యకముందే అనేస్తాడాయన.

మొదట దొరికింది టాక్సీల వాళ్ళు. అప్పట్లో ఆఫీసుకి రేడియో గొంతుల వాళ్ళని పెట్టుకునే స్తోమత లేదు. యొన్హ్వా లెక్కలు చూసుకునే మనిషి. ఆవిడ ఫోనెత్తి "హలో" అంటే బాకీల కోసం అరవడానికి చేసినవాడు కూడా "బాగున్నారా అండీ" అనేవాడు. అది గమనించి నాంగుంగ్ సార్, సామాన్ల గదికి నాలుగు వైపులా బొంతలు కట్టించి, నడి వేసవిలో ఆవిడని అందులో కూర్చోబెట్టి ఈ మాటలన్నీ చెప్పించి రికార్డు చేశాడు. బొంతల మధ్య చెమటలు కారుతూ ఆవిడ అంకెలు, వారాలు, నెలలు, వీధుల పేర్లు, ఇంటి పేర్లు అన్నీ చదివింది. "ఒకటి నొక్కండి" అన్నది ఒక్కటే నవ్వాపుకోలేక మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు బజార్లో టోఫు ధర అడుగుతూ ఉంటే మాట సగంలో పోయింది. మొదటి టాక్సీ కాల్ వెళ్ళింది. టోఫు అమ్మేవాడు కాసేపు చూసి, "పెద్దదేనా?" అన్నాడు. తలూపింది. సంచిలో వేసి ఇచ్చాడు. అంతే, అప్పట్నుంచీ అది అలా నడుస్తూ ఉంది.

నడుస్తూ పెరిగింది కూడా. టాక్సీల తర్వాత పళ్ళ డాక్టర్లు, వాళ్ళ తర్వాత కళ్ళ డాక్టర్లు, బీపీ మాత్రలు గుర్తుచేసే మందుల షాపులు, నీళ్ళు ఆగిపోతాయని చెప్పే అపార్ట్‌మెంట్ల వాళ్ళు. పక్క ఊరి కంపెనీ ఒకటి మిషన్ గొంతు పెట్టి సగం రేటుకి వచ్చింది. ముసలమ్మలు రెండు మాటలు విని ఠక్కున పెట్టేశారు. యొన్హ్వా గొంతు అయితే చివరిదాకా విని, మిషన్ అని తెలిసి కూడా "సరే తల్లీ, వేసుకుంటాలే" అని జవాబిచ్చేవాళ్ళు. ఇంకేం, నాంగుంగ్ సార్ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నెలనెలా బేరిపండు రసంలో దుంపలు వేసి కాచిన పాకం సీసా ఒకటి తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేవాడు.

"తాగండి యొన్హ్వా గారూ. గొంతుకి మంచిది. మీ గొంతు బాగుంటే ఆఫీసు బాగుంటుంది."

"థాం—" అనేది ఆవిడ.

"ఫర్లేదు ఫర్లేదు, కాల్స్ వెళ్తున్నాయిగా" అనేవాడాయన, తండ్రి కొడుకు మార్కులు విన్నట్టు.

గొడుగుల షాపు పక్కన, సముద్రపు నాచులో అన్నం పెట్టి కింబాప్ చుట్టే పిన్ని దగ్గర మాత్రం మధ్యాహ్నం కాస్త వెసులుబాటు. భోజనాల వేళ ఎవరూ ఫోన్లు తియ్యరు గనక కాల్స్ పంపరు. ఆ గంటలో యొన్హ్వా ఎంత మాట్లాడేదంటే, పిన్ని ముల్లంగి ముక్కలు ప్లేట్లో పడేస్తూ "ఊపిరి పీల్చుకోవే, కింబాప్ గొంతులో ఇరుక్కుంటుంది" అని తిట్టేది. అదీ ప్రేమగానే.

అందరికీ అలవాటైపోయింది. ఒక్క ఇసొల్‌కి తప్ప.

ఇసొల్ యొన్హ్వా కూతురు. పద్నాలుగేళ్ళది, ఎనిమిదో క్లాసు. వాళ్ళ నాన్న సంగుక్, యొన్హ్వా విడిపోయినప్పుడు పిల్ల ఇంకా అక్షరాలు దిద్దుకుంటోంది. అప్పుడు జడ్జి ఇద్దరి సంపాదనా చూసి, సంగుక్ టైర్ల షాపు నేడో రేపో అన్నట్టుంది, తల్లికి నిలకడైన ఉద్యోగం ఉంది, పిల్ల తల్లి దగ్గరుండాలి అన్నాడు. ఆ ఉద్యోగమే ఇది. అందుకే కదా గొంతు ముక్కలైపోతున్నా ఆవిడ ఒక్కనాడూ మానేస్తానన్నది లేదు. మానేస్తే పిల్ల ఎక్కడ?

బడి నుంచి వచ్చి ట్యూషన్‌కి వెళ్ళేలోపు ఇసొల్ ఇంట్లో అన్నం తినేది. సరిగ్గా అదే వేళకి డాక్టర్ల కాల్స్ వెళ్ళేవి, రేపు రావలసిన రోగులందరికీ. మొలకల పులుసు గిన్నె అటొకటి ఇటొకటి పెట్టుకుని తల్లీ కూతురూ కూర్చునేవాళ్ళు. యొన్హ్వా ఫోన్లో టైప్ చేసేది. ఇసొల్ గిన్నె పక్కన ఫోన్ టింగుమనేది.

"లెక్కల పరీక్ష ఎలా రాశావు?" అని ఉండేది అందులో.

"అమ్మా" అనేది ఇసొల్, చెంచా కింద పెట్టి. "ఎదురుగా కూర్చున్నాను. మధ్యలో కిమ్చీ గిన్నె తప్ప ఏం లేదు. మెసేజ్ పెడతావేంటి?"

టింగ్. "కాల్స్ వెళ్తున్నాయి తల్లీ."

"తెలుసు. అవెప్పుడూ వెళ్తూనే ఉంటాయి."

ట్యూషన్ నుంచి వచ్చాక మాట్లాడదామంటే, అప్పుడు తాగి ఇళ్ళకి పోయేవాళ్ళ టాక్సీలు. "ఏం తిన్నావే" అన్న ఒక్క ముక్క పూర్తవడానికి ఊళ్ళో ముగ్గురు తాగుబోతులు కారెక్కాలి. ఆ ముక్క పూర్తయ్యేసరికి పిల్ల నిద్రపోయేది.

ఇట్లా ఉండగా సంగుక్ కోర్టులో అర్జీ పెట్టాడు. చొనాన్ ఊళ్ళో టైర్ల షాపు ఇప్పుడు బాగా నడుస్తోందట, రెండో పెళ్ళి చేసుకోలేదట, కూతుర్ని తన దగ్గరికి పంపమని. కారణం దగ్గర ఒక్కటే రాశాడు. మాట లేని ఇంట్లో పిల్ల పెరుగుతోంది అని. సంగుక్ చెడ్డవాడేం కాదు. టైరు మార్చినంతసేపూ కారువాడి ఏడు తరాల కబుర్లూ చెప్పించుకునే మనిషి. ఆ అర్జీ చదివి యొన్హ్వాకి కోపం తెచ్చుకోడానికి కూడా ఏమీ దొరకలేదు.

ఇసొల్‌ని కూడా జడ్జి అడుగుతారు, ఎవరి దగ్గర ఉంటావని. ఆ వయసు పిల్లల్ని అడగాలి మరి.

"నువ్వేం చెప్తావు?" అని అడిగింది యొన్హ్వా, ఓ ఆదివారం మధ్యాహ్నం, గొంతు ఉన్నప్పుడు.

ఇసొల్ బొంతలో ముడుచుకుని కాళ్ళ గోళ్ళు చూసుకుంటోంది. "నువ్వు అడిగిందాన్ని బట్టి చెప్తా."

"ఏం అడగాలి?"

"జడ్జి ముందు, అందరి ముందు, నన్ను నీతో ఉండమని అడుగు. నోటితో. టైప్ చేస్తే లెక్కలోకి రాదు."

"ఇప్పుడే అడుగుతా, ఇటు చూడు—"

"ఇప్పుడొద్దు" అంది ఇసొల్ చెవులు మూసుకుని. "ఇప్పుడు ఖాళీగా ఉన్నావు గనక అడుగుతున్నావు. ఆ రోజు అడుగు."

పిల్లలు అంతే. పెద్దవాళ్ళ ప్రేమ ఎంత ఉందో చూడ్డానికి, వాళ్ళకి ఏది కష్టమో సరిగ్గా అక్కడే వేలు పెడతారు.

యొన్హ్వా మర్నాడే నాంగుంగ్ సార్ గదిలోకి వెళ్ళింది. విచారణ రోజు కాసేపు కాల్స్ ఆపమని అడిగింది. పనిలో చేరినప్పట్నుంచీ ఆవిడ ఆయన్ని అడిగింది అదొక్కటే.

"అయ్యో, మీరు అడగాలా!" అని ఆయన లేచి నిలబడ్డాడు. "ఒంటిగంటన్నరకి కదా మీ పిలుపు? ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మొత్తం ఊరినే ఆపేస్తాను." కూర్చున్నాక కాస్త ఆలోచించుకుని, "నాలుగు ఎందుకులెండి, మూడు చాలు" అన్నాడు.

ఆపే పని దొహ్యొక్‌ది. ఆఫీసులో ప్రోగ్రాములన్నీ రాసేది అతనే. ముప్పై దాటినా మొహంలో ఇంకా కాలేజీ పోలేదు. యొన్హ్వాని అక్కా అని పిలిచేవాడు.

"ఎవరి కాలూ పోదు కదా?" అని అడిగింది యొన్హ్వా. "మాత్రలు వేసుకోవలసిన వాళ్ళు ఉంటారు."

"ఒక్కటి కూడా పోదక్కా. ఆపడమంటే పారెయ్యడం కాదు కదా! అన్నీ గేటు వెనక వరసలో నిలబడతాయి. మూడింటికి గేటు తీస్తాను, వరసగా పోతాయి."

"ఏమేం ఆపుతున్నావు?"

"అన్నీ. కాల్సూ, మెసేజ్‌లూ, టింగులూ, మొత్తం. ఏదో ఒకటి తప్పించుకుని వెళ్ళిందంటే అక్కడ మీ మాట పోతుంది. అసలు ఆ భయమే వద్దు." ఛాతీ మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు.

మంచి మనసుతోనే చేశాడు. ఆఫీసు వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పంపుకునే మెసేజ్‌లు కూడా ఆ గేటులోంచే పోతాయని ఎవరికీ తట్టలేదు. మన షాపు సరుకు మనమే వాడకపోతే ఎట్లా అని నాంగుంగ్ సార్ పెట్టిన ఏర్పాటు అది.

విచారణ రోజు యొన్హ్వా కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంట దాటగానే గొంతులో ఏదో దిగి కూర్చున్నట్టు అనిపించింది. బరువుగా, వెచ్చగా, పూర్తిగా. మెల్లగా "ఇసొల్" అనుకుంది. మాట తెగలేదు. "ఇసొల్, ఇసొల్, ఇసొల్" అని పక్కనున్నవాళ్ళు చూసేదాకా అనుకుంది. నాలుగో కుర్చీలో తండ్రి పక్కన కూర్చున్న ఇసొల్ తల తిప్పి చూసింది. నవ్వలేదు గానీ, నవ్వు వచ్చే ముందు ముడిచినట్టు పెదవులు ముడిచింది.

లోపల వీళ్ళకి ముందు వంతు ఒక జంటది. ఆస్తులు ఎప్పుడో పంచుకున్నారట, కుక్క దగ్గర ఆగిపోయింది. భర్త కుక్కని వెంట తెచ్చి బయట కట్టేశాడు. అది లోపలి గొంతులు విని మొరుగుతూ ఉంది. భార్య అరుస్తోంది, కుక్క మొరుగుతోంది, జడ్జి ఇద్దరినీ కూర్చోమంటోంది. రెండున్నర అయింది.

యొన్హ్వా ఫోన్ తీసి దొహ్యొక్‌కి పెట్టింది. "ఇంకా లోపలికి పిలవలేదు. ఇంకో గంట ఆపు." పక్కనే పంపినట్టు గుర్తు పడింది. అమ్మయ్య అనుకుంది. పంపడం వేరు, చేరడం వేరు అని కొత్తగా చేరిన వాళ్ళందరికీ మొదటి రోజు నేర్పేది ఆవిడే. ఆ రోజు మాత్రం ఆ గుర్తు చూసి ఫోన్ ఆపి సంచిలో వేసుకుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఫోన్లు ఆపాలని గుమస్తా అప్పుడే అరిచాడు మరి.

కుక్క ఎవరికి దక్కిందో తెలీదు గానీ వీళ్ళ పేర్లు పిలిచేసరికి మూడుకి కాస్త ముందు.

జడ్జి నడివయసు ఆవిడ. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ముందు సంగుక్‌ని అడిగింది. అతను టైర్ల షాపు గురించి, పిల్ల కోసం ఖాళీ చేసిన గది గురించి, ఆ గది కిటికీలోంచి కనిపించే బడి గురించి చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆ బడి పక్క చేపల అంగడి వాడి దాకా పోతే, జడ్జి చెయ్యెత్తి ఆపింది. తర్వాత యొన్హ్వా వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా."

యొన్హ్వా లేచి నిలబడింది. కాగితం ఏమీ తెచ్చుకోలేదు. జడ్జి వైపు కాదు, కూతురి వైపు తిరిగింది. ఇసొల్ కుర్చీలో ముందుకి జరిగింది.

"ఇసొల్, నువ్వు నా—"

గేటు తెరుచుకుంది.

గదిలో అందరికీ అర్థమైంది. జడ్జి గోడ గడియారం చూసి, "కాల్సా?" అంది. యొన్హ్వా తలూపింది. "కాసేపు ఆగుదాం" అని జడ్జి మంచినీళ్ళు తాగింది. గుమస్తా పెన్ను మూత పెట్టాడు. సంగుక్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. అర్జీలో నేను రాసింది ఇదే కదా అని అనొచ్చు, అనలేదు. అది అతని మంచితనం.

ఆగారు, ఇంకా ఆగారు. మామూలుగా టాక్సీ అయితే ఈపాటికి తెరిపి ఇచ్చేది. ఇవి ఒక్కొక్కటీ పోయేవి కావు. ఊళ్ళో బీపీ వాళ్ళు, షుగర్ వాళ్ళు, పళ్ళ వాళ్ళు, కళ్ళ వాళ్ళు, నీళ్ళు రాని అపార్ట్‌మెంట్ల వాళ్ళు, అందరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి ఉన్నారు. ఫోన్ తియ్యని వాళ్ళకి మళ్ళీ చెయ్యాలి, అది కూడా దొహ్యొక్ రాసిందే.

"రాసి ఇస్తారా?" అంది జడ్జి చివరికి. కాగితం ఇప్పించింది. యొన్హ్వా బల్ల మీదికి వంగి రాసింది. గుమస్తా ముక్కుతో మాట్లాడే మనిషి, జలుబు కూడా చేసింది. దాన్ని తీసుకుని పైకి చదివాడు.

"ఇసొల్, నువ్వు నాతోనే ఉండు తల్లీ. నువ్వు లేకపోతే నేను ఉండలేను."

ఆ మాటలు ఆ గొంతులో నీళ్ళ బిల్లు చదివినట్టు ఉన్నాయి. గుమస్తా తుమ్ము ఆపుకుని, కాగితం దస్త్రంలో పెట్టాడు.

"పాపా" అంది జడ్జి మెత్తగా. "నువ్వేమంటావు?"

ఇసొల్ తల్లి నోటి వైపే చూస్తోంది. ఆ నోరు కదులుతూనే ఉంది, తల్లి పూర్తి బలంతో అంటోంది, పెదవులు చూస్తే ఎవరైనా చదవొచ్చు. కానీ పిల్ల అడిగింది చదువుకోడానికి కాదు కదా.

"నాన్న దగ్గరికి వెళ్తాను" అంది ఇసొల్. "అమ్మంటే నాకు కోపం లేదండీ. ఇంట్లో మాట్లాడుకోడానికి ఎవరైనా ఉండాలి కదా."

జడ్జి రాసుకుంది.

బయట వరండాలో ఇసొల్ వెంటనే వెళ్ళిపోలేదు. నాన్నని కిందకి పొమ్మని, తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఇప్పుడు అన్నా వింటుంది, ఆ సంగతి మొహంలో కనిపిస్తూనే ఉంది. యొన్హ్వా గొంతు పట్టుకుని నొక్కుకుంది, దగ్గింది, దగ్గుకి కూడా చప్పుడు లేదు. గబగబా సంచిలోంచి ఫోన్ తీసి టైప్ చెయ్యబోయింది. ఇసొల్ ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా."

అదే సమయానికి గుమ్మం దగ్గర కాపలా ముసలాయన ఫోన్ మోగింది. ఆయనకి చెవుడు, అందుకని స్పీకర్ పెట్టుకున్నాడు.

"నమస్కారం తాతగారూ, ఒంట్లో ఎలా ఉంది? మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా?" అంది యొన్హ్వా గొంతు. తేనె పోసినట్టు, తొందర లేకుండా, ఒక్క అక్షరం తెగకుండా. "వేసుకుంటే ఒకటి నొక్కండి."

"వేసుకున్నా తల్లీ, వేసుకున్నా" అంటూ ముసలాయన ఒకటి నొక్కాడు.

ఇసొల్ ఆ ఫోన్ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. కళ్ళు తుడుచుకోకుండానే మెట్లు దిగిపోయింది. కారు తలుపు వేసిన చప్పుడు పైకి వినిపించింది.

యొన్హ్వా బస్సు స్టాపులో కూర్చుంది. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడో బస్సు డ్రైవర్ తలుపు తెరిచి, "కాల్స్ వెళ్తున్నాయా అక్కా? ఎక్కండి, ఎక్కడికో తర్వాత చెప్పొచ్చు" అన్నాడు. తల అడ్డంగా ఊపింది. పొద్దు గూకుతూ ఉండగా, అనుకోకుండా నిట్టూరిస్తే దానికి చప్పుడు వచ్చింది. వరస అయిపోయింది.

వెంటనే ఫోన్ తెరిచి ఇసొల్‌కి చేసింది. సంగుక్ ఎత్తాడు.

"ఇసొల్ వాళ్ళమ్మా" అన్నాడు. చిన్నగానే అన్నాడు. "ఏడ్చి ఏడ్చి కార్లో నిద్రపోయింది. లేపమంటావా?"

యొన్హ్వా ఏమీ అనలేదు. ఈసారి గొంతు ఉండే అనలేదు. అతను కాసేపు ఆగి, టాక్సీ అనుకున్నాడేమో, పెట్టేశాడు.

పెట్టిన మరుక్షణం ఫోన్ మళ్ళీ మోగింది. లేచి ఉంటుంది, పిల్ల లేచి ఉంటుంది. పేరు చూసుకోకుండానే చెవికి ఆనించుకుని, అప్పటిదాకా పళ్ళ వెనక పట్టుకున్నదంతా ఒక్కసారి అనేసింది.

"నాతోనే ఉండు తల్లీ. నువ్వు లేకపోతే నేను ఉండలేను."

అవతల ఎవరో గుటక వేశారు.

"అక్కా" అన్నాడు దొహ్యొక్. "మీ మెసేజ్ ఇప్పుడే వచ్చింది, అన్నిటికంటే వెనక. ఇంకో గంట ఆపమన్నారు... ఆపాలా?" తర్వాత భయం భయంగా అడిగాడు. "ఇందాక అన్నది... అది నాకా అక్కా?"

కాదు తమ్ముడూ, నీక్కాదు అనడానికి యొన్హ్వా నోరు తెరిచింది. అప్పటికే రేపు రావలసిన రోగులకి డాక్టర్ల కాల్స్ మొదలయ్యాయి.